చిప్పు మీద నేను గీసిన గీత

తెలంగాణ వచ్చి ఐదేళ్లు దాటిన రోజులు. షాద్‌నగర్ దగ్గర ఒక పరిశోధన సంస్థలో, వెలుగు మీద ప్రయోగాలు చేసే ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. అంతకుముందు ఐటీఐ చదువుకుంటూ మహబూబ్‌నగర్‌లో స్టీలు సామాన్ల దుకాణంలో గిన్నెల మీద పేర్లు చెక్కేవాణ్ణి. నా చెయ్యి వణకదని ల్యాబ్‌లో అందరికీ నమ్మకం. ఆ చెయ్యే ఒకరోజు కొంప ముంచింది.

మంజుల మా ల్యాబ్‌లో పీహెచ్‌డీ విద్యార్థి. ఊరు చిట్యాల, కూలి చేసుకునే ఇంటి పిల్ల. ఆమెది టోపొలాజికల్ ఫోటోనిక్స్. చిప్పు మీద వెలుగును మామూలుగా వేవ్‌గైడ్ అనే సన్నని దారిలో నడిపిస్తారు. దారి తెగితే వెలుగు అక్కడే చెదిరిపోతుంది. మంజుల గీయించింది వేరు. కంటికి ఆనని రింగులు వందలకొద్దీ వరుసగా పేర్చిన అమరిక అది. వెలుగు దాని అంచు పట్టుకునే పోవాలి, అంచున దెబ్బ తగిలినా పక్కకు తిరిగి ముందుకే సాగాలి. ఇదంతా లెక్కల్లో ఉంది. కళ్లకు చూపించాల్సిన చిప్పు బయటి దేశం నుంచి రావడానికి ఏడాది పట్టింది. వచ్చింది ఒక్కటే. ఆమె ఫెలోషిప్ ఇంకో నెలలో అయిపోతుంది.

చిప్పు రాగానే డైమండ్ స్క్రైబ్‌తో, అంటే వజ్రపు మొన ఉన్న పెన్నుతో, వెనకవైపు నంబరు గీయడం నా పని. గిన్నె మీద పేరు ఎప్పుడూ మెరిసే వైపే చెక్కుతాం, పదిమందికీ కనపడాలి కదా. గోరంత చిప్పు చేతిలోకి తీసుకోగానే వేళ్లు పాత అలవాటుకు పోయాయి. రింగులున్న మెరిసే వైపే గీసేశాను. మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. పోలిక కోసం పక్కన పెట్టిన మామూలు వేవ్‌గైడ్‌నూ, రింగుల అంచునూ కలిపి నా గీత కోసేసింది.

ప్యాకింగ్‌లోనే పాడై వచ్చిందని చెబుదామా అనిపించింది. అబద్ధమెందుకు, గంటసేపు ఆ ఆలోచనతోనే కూర్చున్నాను. తర్వాత క్యాంటీన్‌కు పోయి ఆమెకు చెప్పేశాను.

మంజుల చాయ్ గ్లాసు కింద పెట్టింది. తిడితే బాగుండుననిపించింది. ఒక్కటే అడిగింది.

"గీత యాడిదాంక పోయింది అన్నా?"

"మామూలు దారి తెగింది మేడం. మీ రింగులు గూడ అంచుకు నాలుగు పోయినయ్."

"సరే, ఎక్కియ్యి. పోయిందో లేదో కండ్లతోని చూస్తే గానీ నాకు మనసున పట్టది."

లేజర్ కింద చిప్పును అమర్చాను. ఆ వెలుగు కంటికి కనపడదు, కెమెరా తెర మీదే చూడాలి. ముందు మామూలు దారిలోకి పంపాం. తెల్లటి చార నా గీత దాకా వచ్చి ఆరిపోయింది. తర్వాత రింగులు. ఆమె వేవ్‌లెంగ్త్‌ను, అంటే వెలుగు అల పొడవును, కొద్దికొద్దిగా మారుస్తూ పోయింది. తెర చీకటిగానే ఉంది. ఒకచోట అంచు వెంట చార లేచింది. గీత దగ్గరికి వచ్చి, విరిగిన రింగులను వదిలి వాటి లోపలి పక్క నుంచి చుట్టు తిరిగి, మళ్లీ అంచెక్కి బయటికి పోయింది.

మంజుల లేజర్ ఆపి మూడుసార్లు మళ్లీ వేసింది. మూడుసార్లూ అంతే. తెర మీది రెండు చారలకూ ఫోటోలు తీసి పెట్టుకుంది.

"ఐదేండ్ల సంది రాసుకుంట వచ్చిన అన్నా. గిట్ల అయితదని నేనే నమ్మలే."

మంజుల గైడ్ సార్ మమ్మల్ని ఎక్కువసేపు సంతోషపడనివ్వలేదు. గీత ఇంకో వెంట్రుక మందం పక్కకు పోయి వెలుగు లోపలికి వచ్చే చోటు తెగి ఉంటే, ఏ అమరికా కాపాడేది కాదన్నారు. థీసిస్‌లో గీత ఎట్లా పడిందో దాచమని మంజులను బతిమాలాను. నంబరు వేసేటప్పుడు పొరపాటున పడిన గీత అని ఉన్నదున్నట్టు రాసింది, నా పేరు మాత్రం రాయలేదు.

తప్పు జరిగిన వెంటనే చెప్పాలని అప్పుడు నేర్చుకున్నాను. ఇప్పటికీ స్క్రైబ్ పట్టేముందు ఏది ముందువైపో ఇంకొకరిని అడుగుతాను, నవ్వేవాళ్లు నవ్వుతారు. ఆ థీసిస్‌లో రెండు ఫోటోలు పక్కపక్కన ఉన్నాయి. అందరూ వెలుగు చుట్టు తిరిగిన ఫోటోనే చూస్తారు. నేను మొదటిది చూస్తాను, మామూలు దారిలో వెలుగు ఆరిపోయినది. ఆమె గీయించింది కూడా మామూలు దారే అయి ఉంటే, ఆమె ఐదేళ్లూ అక్కడే ఆరిపోయేవి.