ప్రాణహిత దాటించిన కలి కుండ

సిరొంచ వెళ్లాలనుకునేవాళ్లు ఇప్పుడు వంతెన మీదుగా మాటల్లోనే నది దాటేస్తారు. నేను చెప్పబోయేది వంతెన లేని రోజుల ప్రయాణం. ఎనభైల మధ్యలో, ఎండలు ముదురుతున్న మార్చి నెల. మంచిర్యాలలో ఒక బట్టల దుకాణంలో పనిచేసేవాణ్ణి. పెళ్లయి రెండేళ్లయింది. నా భార్య భాగ్యకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది కానీ, ఆ తర్వాత కడుపు కుదురుకోలేదు. ఏది తిన్నా వాంతి, లేకపోతే విరేచనం. జ్వరం పోయింది కాబట్టి మెత్తనివి, తేలికైనవి కొంచెం కొంచెంగా పెట్టి చూడమన్నాడు డాక్టరు. జావ కాచాను, పాలలో బ్రెడ్డు ముంచి ఇచ్చాను. రెండు చెంచాలకే మొహం తిప్పుకునేది. ఒక సాయంత్రం గోడవైపు తిరిగి పడుకుని, "మా అమ్మ కాసే పుల్లంబలైతే తాగుతనేమో," అంది. బాగా కాచింది అయితే ఇవ్వవచ్చన్నాడు డాక్టరు. భాగ్య పుట్టిల్లు సిరొంచ తాలూకాలోని బామ్ని. మా మామ బండి మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు కాబట్టి అత్తమ్మ ఆయన్ను వదిలి రాలేదు. మా అక్కను భాగ్యకు తోడుంచి నేనే బయలుదేరాను.

తెల్లవారగానే మొదటి బస్సులో చెన్నూరు, అక్కడి నుంచి ఇంకో బస్సులో అర్జునగుట్ట. బస్సు దిగాక ఇసుకలో చాలాసేపు నడవాలి. అప్పటికే ఇసుక కాలుతోంది. పడవ నిండేదాకా పడవాయన కదలడు, అందుకే అవతలి ఒడ్డు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నది దాటగానే రాష్ట్రం మారిపోతుంది. బోర్డుల మీద మరాఠీ, మనుషుల నోట మన తెలుగే. అహేరి వైపు వెళ్లే యస్టీ, అంటే అక్కడి సర్కారు బస్సెక్కితే కండక్టరు ముందు మరాఠీలో అడిగి, నేను తెల్లమొహం వేయడం చూసి, "యాడికి వోవాలె?" అన్నాడు. బామ్ని అన్నాను. ఎవరింటికని అడిగి, మామ పేరు చెప్పగానే, "కాలెట్లున్నది ఆయనది?" అని నన్నే వాకబు చేశాడు.

మామ వాకిట్లో మంచం మీద ఉన్నాడు. అత్తమ్మ తలుపు వెనక నుంచి నీళ్ల చెంబు ముందుకు జరిపింది. ఆ ఇళ్లలో అత్త అల్లుడి ఎదుట పడి మాట్లాడదు. రెండేళ్లలో ఆమె గొంతు నేను విన్నదే తక్కువ. సంగతి చెప్పి, అంబలి కాయడం నేర్చుకుని వెళతానన్నాను.

"అల్లుడు పొయ్యికాడికి వచ్చుడేంది? నలుగురు ఏమనుకుంటరు?" అంది అత్తమ్మ, మామతో.

"అనుకోనియ్. అక్కడ బిడ్డకు వండిపెట్టేది ఆయననే గదా," అన్నాడు మామ. తర్వాత నా వైపు చూసి, "పో అల్లుడా, లోపలికి పో," అన్నాడు.

వంటింటి మూల నల్లటి కుండ ఒకటి ఉంది. దాన్ని కలి కుండ అంటారు. అన్నం వార్చిన గంజి చల్లారాక రోజూ అందులో పోస్తారు, అది పులిసి కలి అవుతుంది. అత్తమ్మ కొంగు తలమీదికి లాక్కుని, నాతో కాక పొయ్యితో మాట్లాడుతున్నట్టు చెప్పింది. జొన్నపిండిని సాయంత్రమే కలిలో కలిపి మూత వేసింది. పక్కనే మిగిలిన అన్నంలో నీళ్లు పోసి పెట్టింది. పొద్దున ఆ సద్దన్నం ఉల్లిగడ్డతో తిన్నాక పొయ్యి దగ్గర కూర్చున్నాను. నీళ్లు మసిలాక పులిసిన పిండి పోశాను. కంగారుగా తిప్పేసరికి ఉండలు కట్టింది.

"అట్ల గాదు కొడుకా, జర నిమ్మళంగ. ఒక్క దిక్కే తిప్పు," అంది అత్తమ్మ.

తాను నన్ను కొడుకా అన్నదని ఆమెకూ అప్పుడే తెలిసినట్టుంది. ఆమె కుండలోకి తొంగి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "బుగ్గలు గుంజుకపోయినయా పిల్లకు?"

"పోయినయి అత్తమ్మా."

"నడుస్తున్నదా?"

"గోడ పట్టుకుని."

కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఉడికాక వాసన ఎలా మారుతుందో, చల్లారాక ఉప్పు, చల్ల ఎంత కలపాలో చెప్పింది. నేను బయలుదేరేటప్పుడు చిన్న కుండలో కలి పోసి, పలుచటి బట్ట కట్టి, నా చేతికే ఇచ్చింది.

బస్సులో ఆ కుండను ఒళ్లోనే పెట్టుకున్నాను. పడవలోనూ అంతే. తీరా అర్జునగుట్ట ఒడ్డున దిగబోతుంటే కాలు బురదలో దిగబడి ముందుకు పడ్డాను. కుండ పగల్లేదు గానీ ఒరిగిపోయి, కలి దాదాపు అంతా తడి ఇసుకలోకి ఇంకిపోయింది. లేవడానికి కూడా మనసు రాలేదు. పడవాయన తెడ్డు పక్కన పెట్టి వచ్చి, కుండ ఎత్తి లోపలికి చూశాడు.

"ఎవలకు తీస్కపోతున్నవు?"

"నా భార్యకు. ఏం తిన్నా ఇముడుతలేదు."

"అడుగున జర ఉన్నది గదా. ఇంటికి వోయి సల్లారిన గంజి పొయ్యి. ఈ ఎండలకు రేపు పొద్దుమీకేసరికి పులుస్తది. పరేషాన్ గాకు," అని బట్ట మళ్లీ తానే కట్టి ఇచ్చాడు.

ఇంటికి రాగానే అన్నం వండి గంజి వార్చాను, చల్లారాక కుండలో పోశాను. మర్నాడంతా దుకాణంలో నా మనసు ఆ కుండ మీదే. సాయంత్రం మూత తీస్తే బామ్ని వంటింటి వాసన వచ్చింది. జొన్నపిండి కలిపి పెట్టాను. ఆ మరుసటి ఉదయం అంబలి ఉడుకుతుంటే, నిద్రపోతోందనుకున్న భాగ్య లోపలి గది నుంచి పిలిచింది.

"అమ్మ వచ్చిందా?"

గోడ పట్టుకుని తానే వచ్చి గడపలో నిలబడింది. చేతిలో గరిటెతో నన్ను చూసి అక్కడే కూర్చుండిపోయింది. చల్లార్చి సగం గ్లాసు ఇచ్చాను. కళ్లు మూసుకుని కొంచెం కొంచెంగా తాగింది. నేనూ అక్కా ఆమె మొహాన్నే చూస్తూ కూర్చున్నాం. అది కడుపులో నిలిచింది. మధ్యాహ్నం తానే మళ్లీ అడిగి తాగింది. వారం తిరిగేసరికి సద్దన్నం కూడా తినగలిగింది.

పులిసినవి పేగులకు మేలు చేస్తాయనీ, వండి చల్లార్చిన అన్నంలో కొంత పిండిపదార్థం వెంటనే అరగకుండా పేగుల్లోని మంచి క్రిములకు ఆహారమవుతుందనీ ఇప్పుడు ఎక్కడ చూసినా రాస్తున్నారు. చదివినప్పుడు సంతోషమే. భాగ్యకు నయం చేసింది అంబలేనా, రోజులు గడవడమా అంటే నేను చెప్పలేను. నాకు తెలిసిందల్లా, నాతో ఎన్నడూ మాట్లాడని మనిషి ఆ పొయ్యి దగ్గర నన్ను కొడుకా అని పిలిచింది, ఆ తర్వాత బతికినన్నాళ్లూ అలాగే పిలిచింది.

మీరు అటు వెళితే ఒక మాట. అక్కడి పుల్లంబలి హోటళ్లలో దొరుకుతుందని ఆశపడకండి. ఎవరింట్లో దిగుతారో వాళ్లకు ముందురోజు సాయంత్రమే చెప్పండి. అది ఒక రాత్రి పులియాలి, దాన్ని తొందరపెట్టలేం.