లంకలో మా గేదె

రెండేళ్ళ కిందట గోదావరి వరద తీశాక మా గేదె ఏటి మధ్య లంకలో చచ్చిపోయింది. గొయ్యి తవ్వితే నీళ్ళు ఊరుతున్నాయి. పూడ్చడం కుదరక నాన్న దాన్ని ఇసుక మీదే వదిలేశారు. మర్నాడు మేం వెళ్ళేసరికి కుక్కలు, కాకులు, గద్దలు దాని మీద పడి ఉన్నాయి. నా చేత్తో తవుడు పెట్టి పెంచాను దాన్ని. చూడలేక కర్ర తీసుకుని పరిగెత్తాను.

"వాటిని తోలకమ్మా," అన్నారు నాన్న. "అవి తినకపోతే ఇక్కడే కుళ్ళి ఏట్లో కలుస్తుంది. దిగువ ఊళ్ళవాళ్ళు తాగేది ఆ నీళ్ళేగా!"

ఏడుస్తూనే వెనక్కి వచ్చేశాను.

పది రోజులకి గడ్డి కోయడానికి మళ్ళీ వెళ్ళాం. భయపడుతూనే పడవ దిగాను గానీ వాసన లేదు, ఈగలు లేవు. ఎముకలు మాత్రం మిగిలాయి. ఆ పక్కనే మా మిగతా గేదెలు నెమ్మదిగా మేశాయి. ఇంటికొచ్చి అమ్మతో, "అక్కడంతా శుభ్రంగానే ఉందమ్మా," అని చెప్పాను.