వెనకబడిన సాలు

‘అతీంద్రియ శక్తులు మనిషి భయానికి పెట్టిన పేర్లు మాత్రమే’ అన్న ప్రతిపాదనను సమర్థిస్తూ, నంద్యాలలో డిగ్రీ చదివే రోజుల్లో నేను వేదిక మీద మాట్లాడాను. మొదటి బహుమతి వచ్చింది. గొప్ప కోసం ఈ మాట చెప్పడం లేదు. ఇక్కడ రాయబోయేదాన్ని నమ్మవలసిన అవసరం గానీ, నమ్మాలన్న మొగ్గు గానీ నాకు లేవని ముందే తెలియజేయడానికి చెబుతున్నాను. దయ్యాలను నేను అప్పుడు నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను.

ఆనాటి న్యాయనిర్ణేతల్లో ఒకరు ఒక రేడియో కేంద్రంలో అధికారి. ఆ కేంద్రం పేరూ ఆయన పేరూ రాయను. బహుమతి అందిస్తూ ఆయన, “ఆధారం లేని మాటను ఎవరు చెప్పినా ఒప్పుకోకమ్మా” అన్నారు. ఆ వాక్యాన్ని చాలాకాలం పతకం కంటే భద్రంగా దాచుకున్నాను.

తరువాత ఆయనను నేనొక కోరిక కోరాను. అది మా అవ్వ మార్తమ్మ కోసం. అవ్వ అంటే మా నాయన తల్లి. పెళ్లయిన నాటి నుంచి బండి ఆత్మకూరు దగ్గర మిరప చేలల్లో, జొన్న చేలల్లో కలుపు తీసింది. కలుపులో ఒక్కో ఆడమనిషి ఒక్కో సాలు పట్టుకొని, అందరూ వరుసగా అవతలి గట్టు వైపు సాగుతారు. ఒకామె పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్లు అందుకుంటారు. ఎవరైనా వెనకబడితే, పాట ఎత్తుకున్నామె పాట మధ్యలోనే ఆమెను పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పిలుపు కూడా పాట వరసలోనే కలిసిపోతుంది. పాట ఎత్తుకునేది మా అవ్వ. ఎప్పుడూ వెనకబడేది ఆమె స్నేహితురాలు దేవమ్మ.

నాయన చిన్నతనంలో రేడియో వాళ్లు ఒకసారి చేను దగ్గరికే వచ్చి ఆ పాటను రికార్డు చేసుకున్నారు. పెద్ద యంత్రం, కోటు వేసుకున్న మనుషులు ఎదురుగా ఉన్నా, అవ్వ అలవాటు కొద్దీ పాట మధ్యలో “దేవమ్మా, నీ సాలు యాడుంది?” అని పిలిచేసింది. వాళ్లు నవ్వి దాన్ని అలాగే ఉంచారు. పాట ఒక్కసారే ప్రసారమైంది. ఆ మధ్యాహ్నం అవ్వ కాన్పులో ఉంది. ఊరంతా విన్న తన గొంతును తాను మాత్రం వినలేదు.

మరుసటి రోజు దేవమ్మ బాలింతను చూడటానికి వచ్చి అన్న మాటను అవ్వ మాకు చాలాసార్లు చెప్పింది.

“నేను సోమరిదాన్నని జిల్లా అంతా చాటినావు గదమ్మే. నీ సాలు ఎనకబడే దినం రాకపోతాదా? ఆ పొద్దు నేను పిలుస్తా సూడు.”

దేవమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆనాడు పాట అందుకున్నవాళ్లలో ఇప్పుడు మా అవ్వ ఒక్కతే మిగిలింది. ఒక చెవి పూర్తిగా పోయింది. రెండోది కూడా ఎక్కువ కాలం నిలవదని డాక్టరు చెప్పారు. ఆ చెవి పోయేలోగా తన పాటను ఒక్కసారి వినాలన్నది ఆమె కోరిక. మళ్లీ పాడమంటే మాత్రం ఒప్పుకోదు. “అందుకునేవాళ్లు లేకుండా ఎత్తుకునేది యాడిది పాపా” అంటుంది.

నేను అడిగినప్పుడు ఆ అధికారి, టేపు భద్రంగా ఉందనీ, శ్రోతల కోరికల కార్యక్రమంలో వంతు రాగానే వేస్తామనీ మాట ఇచ్చారు. రెండేళ్లపాటు అడిగినప్పుడల్లా అదే జవాబు వచ్చింది. నేను దాన్నే అవ్వకు చేరవేశాను. ఆమె నంద్యాలలో మా ఇంట్లో రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు రేడియోకు మంచి చెవి ఆనించి కూర్చునేది.

ఆ గంటలో ఏం వచ్చేదో నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేను నోటు పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. పదకొండు సినిమా పాటలు. అవే పాటలు, ఇంచుమించు అదే క్రమంలో, అవే పేర్ల కోరిక మీద. వెలుగోడు నుంచి ఒకరు, గడివేముల నుంచి ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు నాతో పనిచేసే మేడం గారి పెదనాన్న. ఆయన చనిపోయి రెండేళ్లయిందని ఆమె నవ్వుతూ చెప్పింది. చనిపోయిన మనిషి రోజూ పాట కోరుతున్నాడంటే నాకు అందులో వింత కనిపించలేదు. పాత జాబితాను మార్చని బద్ధకం కనిపించింది.

ఈలోగా అవ్వకు అంతకంటే మంచి సంగీతం వినిపించాలని ఫోన్‌లో వెతికాను. ఎక్కడెక్కడి పల్లె పాటలో ఏరి చిన్న స్పీకర్‌లో పెట్టాను. అవ్వ మర్యాదగా చివరిదాకా వింది. “బాగా పాడినారు. అయితే ఈళ్లు వంగి పాడలా పాపా, కుర్చీల్లో కూర్చోని పాడినారు” అంది. మళ్లీ రేడియో దగ్గరికే జరిగింది.

నేను ఆళ్లగడ్డలో ఒక జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం చెబుతాను. ఒంటి గంటకు తరగతులు అయిపోతాయి. నంద్యాల బస్సు వచ్చేదాకా రోడ్డు పక్కన విగ్రహాలు చెక్కే ఒక ఆచారి గారి షెడ్డులో కూర్చుంటాను. అక్కడొక రేడియో రోజంతా మోగుతుంటుంది. కేంద్రానికి పంపబోయే ఫిర్యాదుకు ఆధారంగా రెండు గంటల కార్యక్రమాన్ని ఆ రేడియో నుంచే ఫోన్‌లో రికార్డు చేసేదాన్ని. ఆచారి గారికి అది వేడుక.

“ఇన్నదాన్నే మళ్లీ పట్టుకపోతాండావే. ఏం జేసుకుంటావు, ఊరగాయ పెడతావా?” అనేవారు.

నోటు పుస్తకం నిండిన కొద్దీ నాకు అనుమానం పెరిగింది. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. జవాబు ఒక పేజీ. ఆ కాలపు టేపులన్నీ పాడైపోయినందున చాలా ఏళ్ల క్రితమే తొలగించారు. పనికిరాదని ధ్రువీకరించిన కాగితం మీద ఆ అధికారి సంతకమే ఉంది. అంటే నాకు మాట ఇచ్చేనాటికే ఆ టేపు లేదు. లేదని ఆయనకు తెలుసు. ఆధారం లేని మాటను ఒప్పుకోవద్దని నాకు చెప్పిన మనిషి, అదే రకం మాటను రెండేళ్లపాటు నా చేతికి ఇస్తూ వచ్చారు. నేను దాన్ని తీసుకెళ్లి, వినికిడి తగ్గిపోతున్న ముసలామె చెవిలో పోశాను. మోసపోయినందుకు కలిగిన బాధ కంటే, ఆ మోసానికి నా గొంతు వాడుకున్నారన్న బాధ ఎక్కువ.

ఆ ఉత్తరం కళాశాల చిరునామాకు వచ్చింది. సాయంత్రం ఇంటికి వెళ్లగానే అవ్వకు నిజం చెప్పాలని నిశ్చయించుకొని, ఆ మధ్యాహ్నం కూడా షెడ్డులో కూర్చున్నాను. అలవాటుగా ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేశాను.

మొదటి పాట వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడోదాని పల్లవి మొదలై సన్నగిల్లింది. దాని స్థానంలో ఆడవాళ్ల గొంతులు వినిపించాయి. వాయిద్యాలు లేవు. ఒకామె ఎత్తుకుంటోంది, పది మంది దాకా అందుకుంటున్నారు. పాట వెనుక మట్టి పెళ్లలు కదులుతున్న చప్పుడు, గాలి. చేతిలో ఉత్తరం అలాగే ఉంది. టేపు దొరికిందన్నమాట అనుకున్నాను, ఒక్క క్షణం ఆ అధికారికి మనసులో క్షమాపణ కూడా చెప్పుకున్నాను.

అప్పుడు, ఎత్తుకున్న గొంతు పాట వరస తప్పకుండా పిలిచింది.

“మార్తమ్మా, నీ సాలు యాడుంది?”

ఆచారి గారి ఉలి ఆగింది. ఆ షెడ్డులో నేను కూర్చున్న అన్ని రోజుల్లో ఏ పాటకూ అది ఆగలేదు.

“ఎవరినో పిలుస్తాండారే. ఎవరు పాపా మార్తమ్మ?” అన్నారు.

పాట అయిపోయింది. తరువాత నాలుగో సినిమా పాట వచ్చింది.

ఇంటికి చేరేసరికి అవ్వ మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. రేడియో కట్టేసి ఉంది. నేను నోరు తెరిచేలోగా తానే చెప్పింది.

“వచ్చింది పాపా. అయితే ఎత్తుకునింది నేను గాదు. దేవమ్మ. నన్నే పిలిచినాది.”

నేను ఉత్తరం చదివి వినిపించాను. ఆ పని ఎందుకు చేశావని నాయన తరువాత కోప్పడ్డాడు. నిజం చెబుతానని అనుకున్నాను గనుక చెప్పాను, అంతకంటే సమర్థన లేదు. అవ్వ ఆ అధికారిని ఒక్క మాట కూడా అనలేదు. నాతో కాదన్నట్టుగా గోడ వైపు చూసి అంది.

“అందరూ గమ్మున గట్టు ఎక్కేసినారు. ఒక్కరన్నా నిలబడలా నాకోసరం. ఇన్నేండ్లకు గుర్తొచ్చిందా దానికి?”

ఆ గొంతులో భయం లేదు. నేను ఆ పేజీ చదివినప్పుడు నాలో ఉన్నదే ఆమె గొంతులోనూ ఉంది.

నేను పరిశీలించినవి ఇవి. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య నలభై కిలోమీటర్ల దూరం. ఆ మధ్యాహ్నం ఆ రెండు చోట్ల ఉన్న అవ్వకూ నాకూ మధ్య ఫోన్ సంభాషణ జరగలేదు. ఆచారి గారికి మా అవ్వ పేరు తెలియదు, ఆయన దగ్గర నేనెప్పుడూ ‘మా అవ్వ’ అనే అన్నాను. టేపు ఎక్కడో మిగిలి ఉందనుకుందామంటే, అందులో పిలిచింది అవ్వ, పిలిపించుకున్నది దేవమ్మ. మార్తమ్మను పిలిచిన పాట ఏ చేలోనూ ఎవరూ రికార్డు చేయలేదు. ఆ గంటలో కార్యక్రమం జాబితా ప్రకారమే సాగిందని కేంద్రం రాతపూర్వకంగా చెప్పింది. వాళ్ల మాటకు విలువ ఇవ్వడం మానేశాను గనుక దాన్ని లెక్కలోకి తీసుకోను.

కానీ నా ఫోన్ మాటను తీసుకోక తప్పదు. ఆ రికార్డింగ్‌లో మూడో సినిమా పాట మొదటి నుంచి చివరిదాకా తెగకుండా ఉంది. కలుపు పాట లేదు. నేను స్వయంగా సేకరించిన ఆధారం నా పక్షాన నిలబడలేదు.

అయినా దాన్ని చెరిపివేయలేకపోతున్నాను. ఆ సినిమా పాట వెనుక ఉలి చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. రెండో చరణం దగ్గర ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆపైన ఆచారి గారి గొంతు స్పష్టంగా అడుగుతుంది, “ఎవరు పాపా మార్తమ్మ?” అని.

ఆయన చేత అలా అడిగించిన పిలుపు మాత్రం అందులో లేదు. ఎందుకు లేదో నాకు తెలియదు.