మొదటి బండికి వేసిన తీగ

ఉదయం ఆరుంపావు. డ్రైవర్ హీటర్ స్విచ్ నొక్కిపట్టి లెక్కపెడుతున్నాడు. నలభై దగ్గర డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ వచ్చింది. పరుగెత్తి బ్యాటరీ తీగ పీకేశాను. కాలిన ప్లాస్టిక్ వాసన షెడ్డంతా నిండింది. ఫ్యూజు చూశాను. పోలేదు. దాని వెనక తీగకు మాత్రం తొడుగు కరిగి రాగి బయటపడింది.

ఆ బండి గురించి నాకు దిగులు లేదు. అది నా ఎదురుగానే ఉంది. ఇదే ఫ్యూజు, ఇదే రకం తీగ, ఈ చేతులతోనే వేసిన ఇంకో అంబులెన్సు పన్నెండు రోజుల కిందటే రైలెక్కి ఉత్తరాది కొండల్లోకి పోయింది.

నేను బెంగళూరు మిలిటరీ వర్క్‌షాప్‌కు వచ్చింది తొంభైల చివర, జూన్ వానల్లో. హవల్దార్‌ని. బండ్ల ఎలక్ట్రీషియన్‌ని. సర్వీసులో అదే చివరి పోస్టింగ్. చేరిన రోజే సుబేదార్ రెండు పాత పెట్రోలు జీపులు చూపించారు.

"వీటికి డీజిల్ ఇంజన్లు. అంబులెన్సులుగా కావాలి. మంచు పడేలోగా పైకి చేరాలి."

ఇంజన్లు ఫిట్టర్లు బిగించారు. వైరింగు నా వంతు. పెట్రోలు ఇంజనుకు హీటర్ ప్లగ్గులు ఉండవు. డీజిల్‌కు ఉంటాయి. స్టార్టు చేసే ముందు అవి ఇంజను లోపల వేడి పుట్టించాలి. నాలుగు ప్లగ్గులు, ఒక్కోటి పది ఆంపియర్లు లాగుతుంది. పాత ఫ్యూజు పెట్టెలో దానికి చోటు లేదు.

కాటన్‌పేటలో బండ్ల సామాను అమ్మే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. తాతల నాటి నుంచి అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. మూడు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. పింగాణీ ఫ్యూజులది, గాజు ఫ్యూజులది, కొత్తగా వస్తున్న బ్లేడు ఫ్యూజులది. పింగాణీవి గతుకుల్లో వదులైపోతాయి. గాజువి పగులుతాయి. బ్లేడుది తీసుకున్నాను.

"బండి యాడికి పోతాదప్పా?"

"కొండల్లోకి. బాగా చలి."

"పెట్టె బాగుండాది. తీగ వద్దా?"

"బండిలో ఉంది."

"అది పెట్రోలు బండి తీగ గదప్పా. ఫ్యూజు ప్లగ్గుకి కాపలా కాదు, తీగకి కాపలా. సన్న తీగకి పెద్ద ఫ్యూజు పెడితే తీగే కాలతాది."

"పనికొచ్చే తీగ పారేస్తే మా సుబేదార్ నన్ను పారేస్తారు."

"ఐతే పోనీ. మిలిట్రీవాళ్లకి చెప్పేదానికి నేనెవుర్ని!" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

మా దగ్గర పద్ధతి అది. పాత బండి నుంచి తీసిన తీగను మీటరుతో చూస్తాం. ఎక్కడా తెగకపోతే ‘సర్వీసబుల్’ అని చీటీ కట్టి మళ్లీ వాడతాం. తీగ తెగలేదని ఆ చీటీ చెబుతుంది. ఎంత కరెంటు మోస్తుందో చెప్పదు. నేను చీటీ చూసి తీగ వేశాను. ప్లగ్గులు లాగేదాన్ని బట్టి యాభై ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను.

బెంగళూరు వాతావరణానికి ఐదు సెకన్ల హీటరు చాలు. మొదటి బండిని అలాగే పరీక్షించి పంపేశాం. ఆ ఉదయం స్విచ్ నొక్కిన రెండో బండి డ్రైవర్ అనంతపురం వాడు. కొండల మీది పై పోస్టులో రెండేళ్లు చేసి దిగినవాడు.

"ఇదేం పొగన్నా? ఆడ అరవై లెక్కపెట్టకుంటే ఇంజన్ పలకదు. అలవాటుగా ఒత్తినా."

సుబేదార్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాలిన తీగను వేళ్ల మధ్య తిప్పి చూశారు.

"తప్పెవరిదో తర్వాత రాద్దాం. ముందు మొదటి బండివాళ్లకు సందేశం రాయి."

ఏం రాయాలి? హీటర్ వాడొద్దంటే ఆ చలిలో ఇంజను కదలదు. రోగి స్ట్రెచర్ మీదే ఉండిపోతాడు. వాడమంటే తీగ కాలుతుంది. అదే రకం తీగ మళ్లీ వేసి చూశాం. పదిహేను సెకన్లు నొక్కడం, నిమిషం ఆగడం. డ్రైవర్ స్విచ్ నొక్కాడు. నేను తీగ పట్టుకున్నాను. నాలుగోసారికి వేడికి పట్టుకోలేకపోయాను.

"మూడుసార్లు. అంతకు మించొద్దు," అన్నాను.

"మూడింటికి కదిల్తే సరే. కదలకుంటే?"

అయినా మూడుసార్లనే రాశాను. ఏడూ నలభైకి సందేశం వెళ్లింది.

"కొండ కింది బేస్‌కు చేరింది," అన్నాడు సిగ్నల్ ఆపరేటర్. "అక్కడి నుంచి పైకి వాళ్లు పంపాలి."

"పంపారా?"

"లైను బాగాలేదంట. మళ్లీ అడుగుతా."

మధ్యాహ్నం కూడా అదే మాట. మర్నాడూ అదే.

కాటన్‌పేట పెద్దాయన కాలిన ముక్క చూసి చిటికెన వేలంత లావు తీగ తీశాడు.

"రెండు బండ్లకి," అన్నాను.

"ఇంకోటి యాడుండాది?"

"పోయింది."

కత్తెర ఆపి నా మొహం చూశాడు. "అట్లయితే జాస్తిగానే పెడతా. ఆడ అంగళ్లుండవు గదా," అన్నాడు.

రెండో బండికి లావు తీగ వేశాను. ఫ్యూజును బ్యాటరీ పక్కనే బిగించాను. డ్రైవర్ రెండుసార్లు అరవై దాకా లెక్కపెట్టాడు. తీగ గోరువెచ్చగా ఉంది. నాలుగో రోజు బండిని రైలెక్కించారు. మొదటి బండికి కావాల్సిన తీగ కట్టను, ఎలా వేయాలో గీసిన కాగితాన్ని డ్రైవర్ సంచీలో పెట్టాను.

అక్టోబరులో డ్రైవర్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "అన్నా, కట్ట బేస్‌లో అప్పగించినా. మొదటి బండి పై పోస్టులో ఉండాదంట. మంచు పడి దోవ మూసేసినారు. ఎండలొచ్చినాక పంపుతారంట. నన్ను వేరే చోటికి వేసినారు."

అంటే ఆ చలికాలమంతా బండి పాత తీగతోనే నడవాలి.

డిసెంబరులో నా సర్వీసు ముగిసింది. రైలుకు రెండు గంటలుందనగా సిగ్నల్ ఆఫీసుకు వెళ్లాను. ఆపరేటర్ మారాడు. కొత్తవాడు రిజిస్టరు తెరిచి, పాత పేజీలు తిప్పి నా ముందుకు జరిపాడు.

ఇంటికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. నేను పనిచేసిన బండ్ల నంబర్లు మర్చిపోయాను. ఆ పేజీ మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. పంపిన సమయం ఏడూ నలభై. బేస్‌కు అందినది ఏడూ యాభై ఐదు. పై పోస్టుకు అందిన సమయం రాయాల్సిన గడిలో ఏమీ లేదు.