టైపు సారు పెట్టిన బోర్డు

మా టైపు సారు పోయారు. పోయిన మంగళవారం చిత్తూరులో మా కాలేజీ ల్యాబు తాళం తీస్తుండగా ఫోను వచ్చింది. సారు భార్య. "పాపా, మీ సారు ఇంక లేరమ్మా. కాఫీ తాగినారు, పేపరు చదివినారు, అట్లే కుర్చీలోనే..." అని ఆగిపోయారు. నేను పిల్లల్ని బయటే ఉండమని చెప్పి, లోపలికి వెళ్లి ఆ కంప్యూటర్ల మధ్యే కూర్చున్నాను. ఈ ఉద్యోగం ఆయన పెట్టిన భిక్ష.

తొంభైల చివర్లో వడమాలపేట నుంచి రోజూ బస్సెక్కి తిరుపతికి టైపు నేర్చుకోవడానికి వెళ్లేదాన్ని. అలిపిరికి పోయే దారిలో ఒక మేడమీద ఆయన ఇన్‌స్టిట్యూట్, దాని వెనక గదుల్లోనే కాపురం. అక్షరాలు చూడకుండా మా చేతుల మీద తువ్వాలు కప్పేవారు. "వేళ్లను నమ్ము పాపా, కండ్లతో పనిలేదు" అనేవారు. తర్వాత టైపుకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఆయన మిషన్లన్నీ ఒక మూలకు జరిపి, ఒక కంప్యూటరు, ఫోను లైను పెట్టించారు. నెట్ కలిసేటప్పుడు గీపెట్టే ఆ చప్పుడుకు మేం చెవులు మూసుకునేవాళ్లం. ఆయన మాత్రం వేలెత్తి, "ఉండండబ్బా, అవి మాట్లాడుకుంటా ఉండాయి" అని మమ్మల్ని ఊరుకోబెట్టేవారు.

అప్పుడే ఏదో విదేశీ కంపెనీ ఎవరికైనా ఉచితంగా ఒక పేజీ ఇస్తోందని తెలిసింది. "ఊరికే ఎందుకిస్తారబ్బా?" అని వారం రోజులు అనుమానపడ్డారు. చివరికి తీసుకుని, అందులో మన సీమ మాటలు, వాటి అర్థాలు పెట్టడం మొదలుపెట్టారు. గెనిమ, సందకాడ, పితికిపప్పు, ఊరిబిండి. తెలుగు అక్షరాలు తెర మీద సరిగా రాని రోజులు కాబట్టి అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. పేజీ అడుగున, చూసినవాళ్లు రెండు ముక్కలు రాసిపోయే చోటు ఉండేది. శ్రీహరికోటలో పనిచేసే ఒకాయన, గల్ఫులో ఉన్న ఒక నర్సమ్మ, సూరత్ బట్టల మిల్లులో ఒకతను రాసేవారు. శనివారం శనివారం సారు వాటిని మాకు పైకి చదివి వినిపించేవారు. ఉత్తరాలు చదివినట్టు, ఆగి ఆగి.

ఒక శనివారం అస్సాంలో ఉన్న ఒక సైనికుడి మాటలు చదివారు. "సెలవు అయిపోయి నేను బయల్దేరేటప్పుడల్లా మా అమ్మ, మొబ్బుతోనే లేసి పో నాయనా అనేది. అమ్మ పోయింది. మొబ్బు అంటే సరిగ్గా ఏ వేళ? చెప్పేవాళ్లు ఈడ ఎవరూ లేరు."

సారుకు ఆ మాట తెలుసు. కానీ తెల్లవారుజాము అని రాసి వదిలేయడం ఆయనకు ఇష్టం లేకపోయింది. ఆ ఆదివారం నాతోపాటు వడమాలపేటకు వచ్చి మా అవ్వ ముందు కూర్చున్నారు.

"అవ్వా, మొబ్బంటే ఎన్ని గంటలకు?"

అవ్వ పకపకా నవ్వింది. "గంటలు యాడివి అయివోరా? ఎదురొచ్చే మనిసి అగపడి, ఎవురో మొగం ఆనకపోతే అది మొబ్బు."

సారు ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకుని, జేబులోని బస్సు టికెట్టు వెనక రాసుకున్నారు. మర్నాడు అవ్వ చెప్పినది చెప్పినట్టే పేజీలో పెట్టారు. నాలుగు రోజులకు ఆ సైనికుడి నుంచి ఒకే ముక్క వచ్చింది. "అవును. అదే వేళ."

ఇక నా తప్పు. నాకు చిత్తూరులో ఉద్యోగం వచ్చాక, "పాపా, ఆ పేజీ అంతా ఒక సీడీలోకి దించిపెడతావా?" అని సారు అడిగారు. "అంత పెద్ద కంపెనీ సార్, యాడికి పోతాది?" అన్నాను. మళ్లీ అడిగితే వచ్చే వారం అన్నాను. ఆ వచ్చే వారం రానేలేదు. కొన్నేళ్లకు ఆ కంపెనీ ఉచిత పేజీలన్నీ మూసేసింది. ముందుగా మెయిల్ పంపిందట. అది సారు వాడటం మానేసిన పాత అడ్రసుకు వెళ్లింది.

సంగతి తెలిసి నేను పరుగున వెళ్లేసరికి తెర మీద ఖాళీ పేజీ పెట్టుకుని కూర్చున్నారు. "మాటలదేముంది పాపా, మల్లా నాలుగూళ్లు తిరిగి అడగొచ్చు. రాసినోళ్లను యాడని ఎతికేది? ఒకరి ఊరు తెలీదు, ఒకరి పేరు సగమే తెల్సు" అన్నారు. నేను క్షమించమని అడగబోతే ఆపలేదు. "దించిపెట్టుండాల్సిందే నువ్వు" అన్నారు. మళ్లీ తనే, "నేను మాత్రం? అడిగి ఊరుకున్నా గానీ నేర్చుకున్నానా?" అన్నారు.

నెల తిరక్కుండానే ఇన్‌స్టిట్యూట్ బోర్డు కింద ఇంకో బోర్డు వేలాడింది. ఆ పేజీ పేరు, దాని కింద, "మీరు రాసినవి చదివినవాణ్ణి ఇక్కడే ఉన్నాను. పైకి రండి."

"లేనిదానికి బోర్డేందండీ, జనం నవ్వుతారు" అని సారు భార్య గొణిగారు.

"కొండకు రాకుండా ఉంటారా వాళ్లు? ఎప్పుడో ఒకనాడు ఈ దావనే పోతారు" అన్నారు సారు.

నాకూ లోపల నవ్వొచ్చింది. కానీ ఏడాది లోపే ఒక మధ్యాహ్నం, నేను అక్కడుండగానే, గుండుకు గంధం పూసుకున్న ఒకాయన భార్యతో, కూతురితో మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"సార్ ఉండారా? నేను... మొబ్బు అడిగినోణ్ణి."

సారు లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. ఆ సైనికుడి రెండు చేతులూ పట్టుకుని, మొహంలోకి చూస్తూ, "ఇట్లుంటావా నువ్వు!" అన్నారు. సారు భార్య కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లారు.

ఆ తర్వాత ఇంకెవరూ రాలేదు. నర్సమ్మ రాలేదు, సూరత్ అతనూ రాలేదు.

నేనిప్పుడు రోజూ వందలమందికి మెయిళ్లు పంపుతాను. వాళ్లలో ఎవరైనా ఎదురైతే కుర్చీ పడిపోయేలా లేస్తానా?

సారును చివరిసారి చూసింది రెండు నెలల కిందట. నన్ను బస్సెక్కించడానికి బస్టాండుకు వచ్చారు. నా చిత్తూరు బస్సు కదిలింది. కిటికీలోంచి చెయ్యి ఊపాను. ఆయన చూడలేదు. పక్కనే తిరుమల నుంచి దిగిన బస్సు ఆగింది. లడ్డూ సంచులు, నిద్రపోతున్న పిల్లల్ని పట్టుకుని జనం దిగుతున్నారు. సారు ఆ తలుపుకు కొంచెం పక్కగా, ఎవరికీ అడ్డం రాకుండా నిలబడి, దిగిన ప్రతి ఒక్కరి ముఖం వంకా చూస్తున్నారు.