నక్కల మెడలో కబురు

నా చిన్నప్పుడు మా తాతయ్య పాలమూరు గుట్టల్లో గొర్రెలు కాసేవాడు. ఆయన గొంగడి సంగతి నేను చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు, కరోనా కాలంలో జర్మనీలో, మాగ్డెబర్గ్‌లోని మా అమ్మాయి ఇంట్లో, మా మనవరాలికి చెప్పేదాకా.

అప్పుడు మా అల్లుడు ఆసుపత్రిలో, గొట్టాల మధ్య స్పృహ లేకుండా ఉన్నాడు. ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు. సాయంత్రం నర్సు ఫోన్ చేసి, ఆయన చెవి దగ్గర పెడతాను, మాట్లాడండి అనేది. మా అమ్మాయి మాట్లాడేది. మనవరాలు మాత్రం ఫోన్ ముట్టేది కాదు.

"డాడీకి వినపడదు గదా, ఎందుకు మరి?" అనేది.

బడులు మూసేశారు కాబట్టి పాఠాలు ఇంట్లోనే. నాకు అక్షరాలు వచ్చిందే ముసలితనంలో, అవీ తెలుగువే. అందుకని తను జర్మన్‌లో చదివి నాకు తెలుగులో చెప్పేది. ఆ రోజు పాఠం, విక్టోరియా రాణి కాలంలో కొత్త దారి కనిపెట్టబోయి ఉత్తరాన మంచు సముద్రంలో తప్పిపోయిన ఒక నావికుడిది. ఆయన్ను వెతకడానికి వెళ్లినవాళ్లు నక్కలను పట్టి, తమ ఓడలు ఎక్కడున్నాయో, తిండి ఎక్కడ దాచారో రాగి పట్టీల మీద చెక్కి, వాటి మెడలకు కట్టి వదిలారట. ఒక్క నక్కయినా ఆయన చేతికి చిక్కకపోతుందా అని.

"ఎంత డుమ్ ఐడియా అమ్మమ్మా! నక్క ఏమన్నా పోస్ట్‌మ్యానా? ఆయన దొరకనే లేదు," అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

తెలివితక్కువ పని కాదని నాకు తెలుసు. అందుకే తనకు తాతయ్య గొంగడి సంగతి చెప్పాను. ఒక వానలో మా మంద కుక్క తప్పిపోయింది. చీకటి పడేదాకా వెతికి, దాని అరుపు చివరిసారి వినిపించిన చోట తాతయ్య తన గొంగడి పరిచి, తడుస్తూ గుట్ట దిగాడు. అది వస్తుందా అని ఏడుస్తూ అడిగాను.

"వస్తదో రాదో నాకేమెర్క బిడ్డా. వస్తే మాత్రం, నా కోసం ఎవ్వరు రాలేదని అది అనుకోవద్దు."

"వచ్చిందా?" అంది మనవరాలు.

రాలేదని నిజమే చెప్పాను. ఆ వానాకాలమంతా తాతయ్య గొంగడిని అక్కడే ఉంచి, గోనెసంచి కప్పుకుని మందను కాశాడని కూడా చెప్పాను.

ఆ సాయంత్రం ఫోన్ మోగితే మనవరాలే అందుకుంది. వాళ్ల నాన్నకు నక్కల కథ మొదలుపెట్టింది.

చలి తగ్గాక మా అల్లుడు ఇంటికి వచ్చాడు. ఆ మాటలేవీ తనకు గుర్తు లేవంటాడు. మనవరాలు అందుకు చిన్నబుచ్చుకోలేదు. ఇప్పుడు నేను, ఎదురింట్లో ఒంటరిగా ఉండే జర్మన్ ముసలామె తలుపు తీయని రోజున, గిన్నెలో చారు పోసి ఆమె గుమ్మం ముందు పెట్టి వస్తాను. ఎవరూ రాలేదని ఆమె అనుకోకూడదు.