లింబాద్రి పగడపు ఉంగరం

బోధన్ పక్క చెరకు ఊళ్ళలో ఎవరికి కత్తి తగిలి తెగినా లింబాద్రిని వెతుక్కుంటూ దవాఖానాకు వచ్చేవారు. గాయాలకు కట్లు కట్టడమే అతని నౌకరీ. పుండు మానితే తన హస్తవాసి అనేవాడు, చీము పడితే వాళ్ళ ఖర్మ అనేవాడు. అలా చాలా ఏళ్ళు హాయిగా గడిచాయి.

పంతొమ్మిది వందల అరవై రెండులో కోస్తా నుంచి నర్సు సుబ్బరత్నం వచ్చింది. ఆమె కట్టు కట్టిన పుళ్ళు తొందరగా మానసాగాయి. కొన్నాళ్ళకు వరండాలో ఆమె ముందు బారు, ఇతని ముందు ఖాళీ బల్ల. లింబాద్రికి కడుపు మండింది. మండదా మరి, నిన్నగాక మొన్న వచ్చిన మనిషి! ఏదో కోస్తా మందు దాచుకుందని, ఆమె లేనప్పుడు సంచి వెతికాడు. సబ్బు బిళ్ళ, గోళ్ళు రుద్దుకునే బ్రష్షు తప్ప ఏమీ దొరకలేదు. షోకు మనిషి అనుకున్నాడు.

ఇక తేడా హస్తవాసిలోనే ఉందని నిజామాబాద్‌లో జ్యోతిష్కుణ్ణి కలిశాడు. పగడపు ఉంగరం పెట్టుకో, స్నానానికి కూడా తీయకు అన్నాడాయన. ఉంగరం వదులైతే లింబాద్రి దానికి దారం చుట్టాడు. అదే వేలితో ఒకరి పుండు తుడిచి ఇంకొకరి పుండు తుడిచేవాడు. తెల్లదారం నల్లబడింది. అతను కట్టిన పుళ్ళు మునుపటికన్నా ఎక్కువగా చీము పట్టాయి. అతని కడుపుమంట ఇంకా పెరిగింది.

అంతలో అతని భార్య రేణుకమ్మ చెరకు కొడుతుంటే కాలు తెగింది. లింబాద్రే కట్టు కట్టాడు. పాదం బూరెలా ఉబ్బి, జ్వరం వచ్చింది. కాలు తీసేయాల్సి రావచ్చని డాక్టరు చెప్పాడు.

"నీకు కోపమొచ్చినా సరే, నేను నర్సమ్మ దగ్గరికే పోత" అంది రేణుకమ్మ.

పెళ్ళాం ఆ బారులో కూర్చుంటే లింబాద్రికి తల కొట్టేసినట్టయింది. సుబ్బరత్నం మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. కట్టు విప్పి పుండు చూసింది, తర్వాత అతని వేలు చూసింది.

"లింబాద్రి గారూ, ఆ దారం ఒకసారి వాసన చూడండి."

చూశాడు. ముక్కు మూసుకుని చెయ్యి దూరంగా పెట్టాడు. ఒకరి చీమును ఇంకొకరికి ఆ వేలే మోస్తోందని ఆమె మెల్లగా చెప్పింది.

కాలు నిలిచింది. రేణుకమ్మ నర్సమ్మ హస్తవాసిని ఊరంతా పొగిడింది. అది విని లింబాద్రి ఓర్వలేకపోయాడు. ఉంగరం తీసేసి, చేతులు కడుక్కుంటూ, ఆమె పేరు తగ్గించాలని వచ్చిన ప్రతివాడికీ చెప్పసాగాడు.

"గామెది హస్తవాసి గాదు, ఏం గాదు. ఉత్త సబ్బు. చేతులు కడిగితే ఎవలు కట్టినా మానుతది."

నవీపేట భీమన్న ఆ మాట విని, తన కాలు చాపాడు. ఒకప్పుడు లింబాద్రి కట్టిన కట్టు కింద చీముపట్టి, అతణ్ణి ఏడాదిపాటు కుంటేలా చేసిన పుండు మచ్చ ఇంకా అక్కడే ఉంది.

"మరి గా సబ్బు గిన్నేండ్లు నీ కాడ లేకుండెనా, లింబాద్రన్నా?" అని అడిగాడు.